వాల్టర్ ట్రావిస్: 1904 శాండ్‌విచ్, ఆ పటర్, ఆయన రాతలు

హికరీ_షాఫ్ట్

గోల్ఫ్ ఆటగాడు వాల్టర్ ట్రావిస్ పేరు ఎక్కడ వచ్చినా "వింత పటర్‌తో బ్రిటన్‌ను ఓడించినవాడు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు. పటర్ అంటే బంతిని గుంతలోకి దొర్లించే కర్ర. ట్రావిస్ అంత చిన్న మనిషి కాదు. వివరాలు ఒకచోట ఉంటాయని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పుట్టింది 1862 జనవరి 10న, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని మాల్డన్‌లో. ఇనుప సామాన్ల వ్యాపార సంస్థ తరఫున 1886లో న్యూయార్క్ వచ్చి, తర్వాత అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. గోల్ఫ్ కర్ర పట్టింది 1896లో, న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలోని ఓక్‌లాండ్ క్లబ్‌లో. అప్పటికి వయసు 34. మిగతా ఆటగాళ్లు అతన్ని "ఓల్డ్ మ్యాన్" అని పిలిచింది అందుకే.

గెలుపులు: యూఎస్ అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాళ్ల జాతీయ పోటీ) 1900, 1901, 1903. బ్రిటిష్ అమెచ్యూర్ 1904, ఇంగ్లాండ్‌లోని శాండ్‌విచ్‌లో. బ్రిటన్ బయటి ఆటగాడు ఆ కప్పు గెలవడం అదే మొదలు. 1902 యూఎస్ ఓపెన్‌లో లారీ ఆక్టర్‌లోనీ వెనక రెండో స్థానం, స్టూవర్ట్ గార్డ్‌నర్‌తో సమంగా. 1908లో "ది అమెరికన్ గోల్ఫర్" పత్రిక పెట్టాడు.

తెలిసినవాళ్లు కలపండి. తప్పులుంటే దిద్దండి.

పచ్చిక_బాట

34 ఏళ్లకు మొదలుపెట్టి 38 ఏళ్లకు జాతీయ విజేత అయ్యాడంటే దైవదత్తమైన ప్రతిభ అనుకుంటారు. మధ్యలో ఏం జరిగిందో చూడాలి. 1898 యూఎస్ అమెచ్యూర్ సెమీఫైనల్లో ఫిండ్లే డగ్లస్ చేతిలో ఓడాడు. 1899లోనూ సెమీఫైనలే, అదే డగ్లస్. 1900లో గార్డెన్ సిటీలో ఫైనల్ కూడా ఆ డగ్లస్‌తోనే, అక్కడ 2 అప్‌తో గెలిచాడు. డగ్లస్ సెయింట్ ఆండ్రూస్‌లో ఆట నేర్చుకున్న స్కాట్లాండ్ మనిషి, బంతిని చాలా దూరం కొట్టేవాడు. ఆ దూరం తనకు ఎప్పటికీ రాదని ట్రావిస్‌కు తెలుసు. అందుకే దారి తప్పని బంతి, గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) దగ్గర ఆట, పటింగ్, ఈ మూడింటి మీదే పని చేశాడు.

గురువు దగ్గర నేర్చుకున్న ఆట కాదది. పుస్తకాలు చదివి, చదివినదాన్ని మైదానంలో పరీక్షించి, పనికిరానిది వదిలేసే పద్ధతి. 1901 వేసవిలో స్కాట్లాండ్, ఇంగ్లాండ్ వెళ్లి అక్కడి కోర్సులు (గోల్ఫ్ మైదానాలు) చూసి వచ్చాడు. తొలి పుస్తకం "ప్రాక్టికల్ గోల్ఫ్" వచ్చిందీ ఆ ఏడాదే. ఆట మొదలుపెట్టిన అయిదో ఏట ఆట నేర్పే పుస్తకం రాయడం సాహసమే. కానీ నేర్చుకున్న మెట్లు ఇంకా గుర్తున్న మనిషి రాసింది కాబట్టే అది అంత స్పష్టంగా ఉంటుంది. చిన్ననాటి నుంచి ఆడినవాడికి తన చేతులు ఏం చేస్తున్నాయో చెప్పడం కష్టం.

కొత్త_టీ

ఒక సందేహం అండీ. నాకు స్కోర్లు సరిగా అర్థం కావు. 2 అప్ అంటే ఏమిటి? దూరం కొట్టలేనివాడు దూరం కొట్టేవాడిని ఎలా ఓడిస్తాడు?

పచ్చిక_బాట

మ్యాచ్ ప్లేలో మొత్తం దెబ్బలు లెక్కపెట్టరు. ఒక్కో హోల్‌ను (మొదటి దెబ్బ నుంచి బంతి గుంతలో పడేదాకా ఒక హోల్) తక్కువ దెబ్బల్లో ముగించినవాడికి ఆ హోల్ దక్కుతుంది, సమానమైతే ఎవరికీ దక్కదు. చివరి హోల్ దాకా ఆడి రెండు హోల్స్ తేడాతో గెలిస్తే 2 అప్. "4 అండ్ 3" అంటే ఇంకా 3 హోల్స్ మిగిలి ఉండగా 4 హోల్స్ ముందున్నాడని. ఎదుటివాడు ఇక అందుకోలేడు కనుక ఆట అక్కడితో ఆపేస్తారు.

మీ రెండో ప్రశ్నకు 1904 ఫైనలే జవాబు. ఎదుటివాడు ఎడ్వర్డ్ బ్లాక్‌వెల్, ఆ రోజుల్లో అందరికన్నా దూరం కొట్టినవాళ్లలో ఒకడు. టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి కొట్టిన ప్రతిసారీ ట్రావిస్ బంతి వెనకే ఉండేది. వెనక ఉన్నవాడే రెండో దెబ్బ ముందు ఆడాలి. ఆ దెబ్బ గ్రీన్ మీద నిలిస్తే, దగ్గర నుంచి కొట్టబోయేవాడి మీద ఒత్తిడి పడుతుంది. తర్వాత ఇరవై, ముప్పై అడుగుల పట్ లోపలికి పడితే దూరం కొట్టిన లాభమంతా పోయినట్టే. 36 హోల్స్ ఫైనల్‌ను ట్రావిస్ 4 అండ్ 3తో ముగించాడు. అంతకుముందే హరాల్డ్ హిల్టన్, హొరేస్ హచిన్సన్ కూడా అతని చేతిలో ఓడారు. హిల్టన్ అప్పటికే రెండుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచినవాడు. హచిన్సన్ 1886, 1887 అమెచ్యూర్ విజేత, పైగా గోల్ఫ్ రచయితల్లో పెద్దదిక్కు. ఆటగాడూ రచయితా అయిన ఇద్దరు ఎదురుపడ్డ మ్యాచ్ అది. దాని గురించి ఎవరూ పెద్దగా రాయరెందుకో!

హికరీ_షాఫ్ట్

అసలు గెలుపు ఫైనల్లో కాదు, మొదటి రోజుల్లో ఉందని నా అభిప్రాయం. వానలో తడిసి ఒక మ్యాచ్ ముగించగానే, బట్టలు మార్చుకునే వ్యవధి కూడా లేకుండా జేమ్స్ రాబ్‌తో ఆడాల్సి వచ్చింది. ఒక్క హోల్ తేడాతో బయటపడ్డాడు. తర్వాత రీడ్‌తో మ్యాచ్‌లోనూ చివరి హోల్స్ దాకా వెనకబడే ఉన్నాడు. తనకు ఇచ్చిన క్యాడీకి (కర్రల సంచి మోసే సహాయకుడికి) పని రాదని, మార్చమని అడిగితే మార్చలేదు. నిర్వాహకుల తీరు మీద అతనికి కలిగిన మంట చాలా ఏళ్లు ఆరలేదు.

అల్యూమినియం_తల

ఇక పటర్ సంగతి, కొలిచి చూసేవాళ్ల కోసం.

షెనెక్టడీ పటర్‌ను తయారుచేసింది ఆర్థర్ నైట్. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ ఊళ్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసేవాడు. పేటెంట్ తేదీ 1903 మార్చి 24. పోతపోసిన అల్యూమినియం హెడ్, హికరీ చెట్టు కర్రతో షాఫ్ట్ (పొడుగాటి కాడ). విశేషమంతా షాఫ్ట్ దిగిన చోటులో ఉంది. మామూలు పటర్‌కు షాఫ్ట్ హీల్ దగ్గర, అంటే ఆటగాడి వైపు చివర దిగుతుంది. షెనెక్టడీలో అది హెడ్ మధ్యకు దగ్గరగా, ఒక పిసరు హీల్ వైపు జరిగి ఉంటుంది.

దానివల్ల లాభం ఏమిటంటే, షాఫ్ట్ ఒక చివర ఉండి బంతి ఫేస్ (హెడ్‌లో బంతిని తాకే వైపు) మధ్యలో తగిలితే, ఆ తాకిడి హెడ్‌ను షాఫ్ట్ చుట్టూ తిప్పాలని చూస్తుంది. తగిలే చోటుకీ షాఫ్ట్‌కీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఆ మెలిక అంత ఎక్కువ. షాఫ్ట్ మధ్యకు వస్తే ఆ దూరం దాదాపు మాయమవుతుంది. టో చివర, అంటే ఆటగాడికి దూరంగా ఉన్న కొసన, తగిలిన బంతి మాత్రం షెనెక్టడీతోనూ పక్కకే పోతుంది. గురి తప్పినవాడికి ఆ పటర్ ఏమీ చేయలేదు.

ఇంకో సంగతి. ట్రావిస్ దాన్ని 1904లో మొదటిసారి చూడలేదు. 1902లోనే వాడాడు, యూఎస్ ఓపెన్‌లో రెండో స్థానం వచ్చింది దానితోనే. 1904లో బ్రిటన్ వెళ్లాక ప్రాక్టీసులో పటింగ్ పూర్తిగా చెడింది. పోటీకి కాస్త ముందు తోటి అమెరికన్ ఎడ్వర్డ్ ఫిలిప్స్ తన షెనెక్టడీ ఇచ్చాడు. పాత అలవాటున్న పరికరం చేతికొచ్చి చేయి కుదురుకుంది. కొత్త పరికరం చేసిన అద్భుతం కాదది.

కొత్త_టీ

మరి గెలవగానే బ్రిటన్‌లో దాన్ని నిషేధించారని చదివాను?

నిబంధనల_పుట

వెంటనే కాదు, ఆరేళ్ల తర్వాత. అందరూ పొరబడేది ఇక్కడే.

1904 తర్వాత అయిదు సీజన్లు ఆ పటర్ బ్రిటన్‌లో చెల్లింది. న్యూజిలాండ్‌లోని ఎన్గా మోటు క్లబ్ నుంచి, క్రోకే సుత్తి లాంటి కర్రతో పట్ చేయవచ్చా అని సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏకు, అంటే గోల్ఫ్ నిబంధనలు రాసే సంస్థకు, ప్రశ్న వచ్చింది. జవాబు వెతుకుతూ వాళ్లు మ్యాలెట్ (సుత్తి) తరహా కర్రలన్నిటినీ 1910లో పక్కనపెట్టారు. అందులో షెనెక్టడీ కూడా కొట్టుకుపోయింది. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ ఆ నిర్ణయాన్ని యథాతథంగా తీసుకోలేదు, షెనెక్టడీ తరహా పటర్‌ను అనుమతించింది. అంటే సముద్రానికి అటు ఒక నిబంధన, ఇటు ఒక నిబంధన. అమెరికాలో దానికి అలవాటుపడినవాడు బ్రిటన్ వెళ్తే మరో పటర్ పట్టాలి.

రెండు సంఘాలూ కలిసి ఒకే నియమావళి రాసుకుని 1952 నుంచి అమలు చేశాకే మధ్య షాఫ్ట్ పటర్ అన్నిచోట్లా చెల్లింది. అదే నియమావళిలో స్టైమీ కూడా పోయింది. గ్రీన్ మీద ఎదుటివాడి బంతి మన దారికి అడ్డంగా ఉన్నా తీయమని అడిగే హక్కు లేకపోవడమే స్టైమీ. ట్రావిస్ ఆడిన మ్యాచ్‌లన్నీ ఆ నిబంధన కిందే ఆడినవి. అతని పటింగ్‌ను ఇప్పటివాళ్లతో పోల్చేటప్పుడు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

అల్యూమినియం_తల

పాత షెనెక్టడీ కొనాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు.

హెడ్ మీద పటర్ పేరు, పేటెంట్ తేదీ అచ్చు గుద్ది ఉంటాయి. అక్షరాలు లోతు తక్కువ, కనుక ఇనుప బ్రష్షూ, పాలిష్ చక్రమూ తగలనివ్వకండి. ఒక్కసారి రుద్దితే అచ్చు పోతుంది, దానితో విలువా పోతుంది. తెల్లటి పొడిలాంటి తుప్పు కనబడితే పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఫేస్ మీద దెబ్బలుంటే ఆకురాయి పెట్టి చదును చేయకండి.

షాఫ్ట్‌కు ముప్పు గాలిలో తేమ. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో వానాకాలం హికరీ ఉబ్బుతుంది, మే నెల ఎండకు కుదించుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ హెడ్ వదులై కదులుతుంది. ఉడికించిన అవిసె నూనె గుడ్డతో పలచగా పూసి, పావుగంట తర్వాత మిగులు తుడిచేసి, ఒక రోజు ఆరనివ్వాలి. దట్టంగా పూస్తే ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. నూనె తడిసిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి, దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి. హెడ్ వదులైతే ఎపాక్సీ పోయవద్దు, మళ్లీ విప్పలేరు. షాఫ్ట్‌ను పట్టి ఉంచే చిన్న పిన్నును సరిచేయించాలి.

"ట్రావిస్ స్వయంగా వాడిన పటర్" అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. అది గార్డెన్ సిటీ క్లబ్‌లో ఉండేది, 1950లలో దొంగలు ఎత్తుకుపోయారు.

గ్రీన్_అంచు

పటర్ కన్నా పట్టు గురించి ఎక్కువ మాట్లాడాలి. ట్రావిస్ నుంచి నేరుగా నేటి ఆటకు వచ్చింది అదే.

1924లో ఆగస్టా కంట్రీ క్లబ్‌లో ఆయన బాబీ జోన్స్‌కు పటింగ్ పాఠం చెప్పారు. అప్పటికి జోన్స్ 1923 యూఎస్ ఓపెన్ గెలిచి ఉన్నాడు, అయినా పటింగ్‌లో నిలకడ లేదు. ట్రావిస్ చెప్పిన మార్పులు ఇవి. పాదాలు దగ్గరికి తేవాలి, మడమలు దాదాపు తాకేంత. మామూలు ఓవర్‌ల్యాప్ పట్టు (కుడిచేతి చిటికెనవేలు ఎడమచేతి మీదికి వచ్చేది) మాని, ఎడమచేతి చూపుడువేలు కుడిచేతి వేళ్ల మీదికి వచ్చేలా తిరగేసి పట్టాలి. దాన్నే రివర్స్ ఓవర్‌ల్యాప్ అంటారు. బంతి వెనక భాగంలో చిన్న మేకు ఉన్నట్టు, దాన్ని లోపలికి దిగగొడుతున్నట్టు పటర్‌ను తగిలించాలి.

ఎందుకు పనిచేస్తుందో చూడండి. పాదాలు ఎడంగా పెడితే శరీరం పక్కకు ఊగడానికి వీలవుతుంది. దగ్గరగా పెడితే ఊగిన మరుక్షణం తూలుతారు, కాబట్టి ఒళ్లు కదలకుండా నిలుస్తుంది. తిరగేసిన పట్టులో కుడిచేతి వేళ్లన్నీ కర్ర మీదే ఉంటాయి, ఎంత దూరం పోవాలో తెలిసేది ఆ వేళ్లకే. ఎడమ చూపుడువేలు పైనుంచి ఒత్తి రెండు చేతుల్నీ ఒకటిగా కడుతుంది.

పాడయ్యేది సాధారణంగా మూడుచోట్ల. ఒకటి, ఎడమ చూపుడువేలిని అతిగా బిగిస్తారు, మణికట్టు బిగుసుకుని చిన్న పట్‌లు కుడివైపు జారతాయి. రెండు, మేకు ఊహను అపార్థం చేసుకుని గుద్దుతారు. ఉద్దేశం బలం కాదు, దిశ. మేకు వంకర పోకుండా దిగాలంటే ఫేస్ నిటారుగా వచ్చి తగలాలి. మూడు, వెనక్కి తీసేది మరీ పొట్టిగా ఉంటే, ముందుకొచ్చేటప్పుడు తోసేస్తారు.

సాధనకు మూడు అడుగుల పట్‌తో మొదలుపెట్టండి. పది పట్‌లలో తొమ్మిది పడేదాకా దూరం పెంచకండి. ఈ లెక్క నాది, ట్రావిస్ పుస్తకంలోది కాదు.

హికరీ_షాఫ్ట్

చాలా విలువైన వివరం. దానికి తోడు బంతి మార్పు కూడా చెప్పుకోవాలి. 1900లో ట్రావిస్ గెలిచింది గట్టీతో, అంటే గట్టాపెర్చా ముద్దను అచ్చులో పోసిన గట్టి బంతితో. 1901లో అట్లాంటిక్ సిటీలో గెలిచింది హాస్కెల్ బంతితో. అధ్యక్షుడు మెకిన్లీ హత్య వల్ల ఆట మధ్యలో ఆగిన ఏడాది అది. ఫైనల్లో వాల్టర్ ఈగన్‌ను 5 అండ్ 4తో ఓడించాడు.

హాస్కెల్ లోపల రబ్బరు దారాన్ని సాగదీసి ఉండలా చుడతారు, పైన గట్టాపెర్చా పొర. ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో కోబర్న్ హాస్కెల్, బెర్ట్రమ్ వర్క్ కలిసి చేశారు. పేటెంట్ 1899లో వచ్చింది. ఎక్కువ దూరం పోతుంది, పూర్తిగా సరిగా తగలకపోయినా క్షమిస్తుంది. చిక్కంతా గ్రీన్ మీదే, ఎగిరిపడుతుంది, ఆగదు. "బౌండింగ్ బిల్లీ" అని పిలిచింది అందుకే. పెద్ద ఆటగాళ్లు చాలామంది ఆ ఒక్క కారణానికే దూరం పెట్టారు. పటింగ్ మీద పట్టున్న ట్రావిస్‌కు ఆ భయం లేదు, కాబట్టి లాభం మాత్రమే మిగిలింది. మరుసటి ఏడాది, 1902లో, శాండీ హెర్డ్ హాస్కెల్‌తో బ్రిటిష్ ఓపెన్ గెలిచాక వాదన ముగిసింది.

నిబంధనల_పుట

ఇక్కడ ఒక అభ్యంతరం. అలా చూస్తే ట్రావిస్ గెలుపులన్నీ పరికరం ముందుగా అందుకున్నందుకే అనిపిస్తుంది. బంతి ఒకసారి, పటర్ ఒకసారి.

హికరీ_షాఫ్ట్

1900 గెలుపు గట్టీ బంతితో, షెనెక్టడీ ఇంకా లేని రోజుల్లో వచ్చింది. 1903లో ఎబెన్ బయర్స్‌ను ఓడించేనాటికి అందరి సంచుల్లోనూ రబ్బరు బంతులే. షెనెక్టడీ ఎవరైనా కొనుక్కోవచ్చు. 1904లోనే 17 ఏళ్ల జెరోమ్ ట్రావర్స్ దానితోనే నసావు క్లబ్‌లో ట్రావిస్‌ను ఓడించాడు. పరికరం ఒకటే అయినప్పుడు మిగిలేది మనిషే కదా. కొత్త వస్తువు వచ్చినప్పుడు వెక్కిరించకుండా, పరీక్షించి, పనికొస్తే వాడటం అతని పద్ధతి. రాతల్లోనూ అదే కనబడుతుంది.

అచ్చు_గది

ఆ రాతల గురించి నాకు తెలిసింది రాస్తాను.

"ది అమెరికన్ గోల్ఫర్" 1908 నవంబరులో మొదలైంది. పెట్టిందీ, సంపాదకుడూ ట్రావిసే. తర్వాత క్రీడా రచయిత గ్రాంట్‌లాండ్ రైస్ చేతికి వెళ్లింది, 1930ల మధ్యదాకా నడిచింది. ట్రావిస్ కాలంలో పత్రికలో ఆట వార్తలు మాత్రమే ఉండేవి కావు. పచ్చిక పెంపకం, బంకర్ల (ఆటకు అడ్డంకిగా తవ్వే ఇసుక గుంతల) స్థానం, నిబంధనల వివాదాలు, దెబ్బ కొట్టే తీరుకు ఫొటోలు, అన్నీ ఒకేచోట. అలంకారం తక్కువ. ఒక దెబ్బ ఎందుకు తప్పిందో చెప్పాలంటే చేతులు, పాదాలు, బంతి ఉన్న చోటు, ఈ వరుసలో వెతికేవాడు.

ఎవరినీ మెప్పించే రాత కాదది. సమకాలికులకు అతను ముక్కుసూటి మనిషి, తక్కువ మాట్లాడేవాడు, ఎప్పుడూ నల్ల చుట్ట నోట్లో. రాతలోనూ ఆ పొడితనం ఉంది. నాకు మాత్రం అదే బలం అనిపిస్తుంది. ఇంగ్లాండ్ గోల్ఫ్ రచయిత బెర్నార్డ్ డార్విన్ లాగా వాక్యం రుచి కోసం చదివే రచయిత కాదు ట్రావిస్, పక్కన పటర్ పెట్టుకుని చదవాల్సినవాడు.

గ్రీన్_అంచు

అమెచ్యూర్ హోదా మీద వచ్చిన గొడవ కూడా చెప్పండి. పత్రిక నడుపుతూ, కోర్సులకు సలహాలిస్తూ అమెచ్యూర్ ఎలా అవుతారని అడిగేవాళ్లు కదా.

నిబంధనల_పుట

అవును, ఆ అనుమానం ఆయన్ని వెంటాడింది. ఆ కాలపు పట్టుదల ఎంతటిదంటే, 1913 యూఎస్ ఓపెన్ గెలిచిన ఫ్రాన్సిస్ విమెట్‌కే క్రీడా సామగ్రి వ్యాపారం పెట్టాడని 1916లో అమెచ్యూర్ హోదా తీసేశారు. 1918లో మళ్లీ ఇచ్చారు. గోల్ఫ్ పేరు మీద ఒక్క డాలరు వచ్చినా అనుమానమే. ట్రావిస్ 1915లో, 53వ ఏట, న్యూయార్క్ ప్రాంతపు మెట్రోపాలిటన్ అమెచ్యూర్ గెలిచి, ఆ తర్వాత కోర్సుల నిర్మాణం మీదే ఎక్కువగా పనిచేశాడు.

పచ్చిక_బాట

కోర్సుల విషయంలో ట్రావిస్ పోరాటం అడ్డగోడ బంకర్ల మీద. అప్పట్లో ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే పచ్చిక బాట) మొత్తానికీ అడ్డంగా, టీ నుంచి ఒకే దూరంలో గుంత తవ్వి గట్టు కట్టేవారు. దూరం కొట్టేవాడు దాన్ని సులువుగా దాటేస్తాడు, అతని బంతి ఎంత వంకరపోయినా శిక్ష లేదు. పొట్టిగా, తిన్నగా కొట్టినవాడు మాత్రం అందులో పడతాడు. బంకర్లు పక్కలకు, వేర్వేరు దూరాల్లో ఉండాలనీ, దిశ తప్పినవాడికే శిక్ష పడాలనీ ట్రావిస్ వాదన. అతని ఆటకు అనుకూలమైన వాదనే, కాదనను. కానీ తర్వాతి నూరేళ్ల కోర్సులు ఆ దారినే నడిచాయి.

తొలి పని వెర్మాంట్‌లోని ఎక్వానాక్, జాన్ డంకన్ డన్‌తో కలిసి. తర్వాత గార్డెన్ సిటీ మార్పులు, మేరీలాండ్‌లో కొలంబియా, మెయిన్‌లో కేప్ అరండెల్, న్యూయార్క్‌లో వెస్ట్‌చెస్టర్. గార్డెన్ సిటీలో 18వ హోల్ దగ్గర ట్రావిస్ తవ్వించిన లోతైన బంకర్ ఉంది. 1908 యూఎస్ అమెచ్యూర్ సెమీఫైనల్లో, ట్రావర్స్‌తో ఆడుతూ, సరిగ్గా అందులోనే ఇరుక్కుని మ్యాచ్ పోగొట్టుకున్నాడు. తన సౌకర్యం కోసం కోర్సు గీసుకున్నాడనే వాళ్లకు ఆ గుంతే జవాబు.

కొత్త_టీ

ట్రావిస్, ట్రావర్స్ ఇద్దరూ వేరా? పాత పత్రికల్లో వెతుకుతుంటే రెండూ కలిసిపోతున్నాయి.

అచ్చు_గది

పూర్తిగా వేరు. వాల్టర్ ట్రావిస్ 1862లో పుట్టాడు, మూడు యూఎస్ అమెచ్యూర్లు, ఒక బ్రిటిష్ అమెచ్యూర్. జెరోమ్ ట్రావర్స్ పాతికేళ్లు చిన్నవాడు, 1907, 1908, 1912, 1913 యూఎస్ అమెచ్యూర్లు, 1915 యూఎస్ ఓపెన్. ఇద్దరూ షెనెక్టడీతోనే ఆడారు కాబట్టి ఇంకా గందరగోళం. పాత పత్రికల స్కాన్లలో యంత్రం అక్షరాలు తప్పు చదువుతుంది, పేరుతో కాకుండా సంవత్సరం, క్లబ్ పేరు పెట్టి వెతకండి. 1907కు ముందు జాతీయ విజేత అని ఉంటే అది ట్రావిస్. శాండ్‌విచ్ అని ఉంటే ట్రావిస్. 1914 ఎక్వానాక్ (యూఎస్ అమెచ్యూర్) అని ఉంటే జాగ్రత్త, ఆ ఏడు ఇద్దరూ బరిలో ఉన్నారు, 52 ఏళ్ల ట్రావిస్ సెమీఫైనల్ దాకా వచ్చి ట్రావర్స్ చేతిలోనే ఓడాడు.

ట్రావిస్ పోయింది 1927 జూలై 31న డెన్వర్‌లో. సమాధి ఎక్వానాక్ ఉన్న మాంచెస్టర్‌లోనే, వెర్మాంట్‌లో. ఆ తేదీ తర్వాత ట్రావిస్ పేరుతో ఏ పోటీ ఫలితమైనా కనబడితే అది ఇతనిది కాదు.